నిన్న రాలేదేం?

తెల్లవారుజామున అయిదుంబావు. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మాకినేని బసవపున్నయ్య స్టేడియం గేటు పక్కన పాత టీవీఎస్ బండి ఒకటి స్టాండు వేసి ఉంటుంది. దాని సీటు మీద లాంగ్‌సైజు నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను, దర్జీలు వాడే కొలత టేపు, గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్టు. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా నడకకొచ్చి కళ్లు తిరిగి కూలబడేవాళ్ల కోసం ఆ బిస్కెట్లు. బండి మా మాస్టారిది. ముప్ఫయ్యేళ్లు సర్కారు బడుల్లో పిల్లల్ని ఆడించి రిటైరయిన పీఈటీ ఆయన. పేరు రాస్తే ఒప్పుకోనన్నారు కనుక మాస్టారనే అంటాను. మేమందరం పిలిచేదీ అలాగే.

ఒక్కొక్కరే వస్తారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే అన్నదమ్ములిద్దరు. చీరల షాపులో రోజుకు పది గంటలు నిలబడి పనిచేసే ఒకావిడ. రైల్వేలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చే ఆయన. చున్నీలు నడుముకు బిగించి కట్టుకుని వచ్చే అత్తాకోడళ్లు. వచ్చినవాళ్ల పేరుకెదురుగా మాస్టారు టిక్కు పెడతారు. నిన్న కూడా వచ్చినవాళ్లను ఏమీ అడగరు. నిన్న రానివాళ్లను మాత్రం తలెత్తి చూసి అడుగుతారు.

"నిన్న రాలేదేం?"

గొంతులో కోపం ఉండదు. కానీ జవాబు చెప్పేదాకా పెన్ను కదలదు. "చుట్టాలొచ్చారు మాస్టారూ." "మోకాలు లాగేసిందండీ." "మెలకువ రాలేదండీ." ఏది చెప్పినా రాసుకుంటారు. చిన్న కారణమైనా పెద్ద కారణమైనా ఆ పుస్తకంలో ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది.

నేను ఈ గుంపులో చేరింది 2023 జూన్‌లో. అప్పుడు నా బరువు 91 కిలోలు. మూణ్ణెల్ల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2, అంటే మధుమేహం గుమ్మం ముందు ఉన్నట్టు. ఇప్పుడు బరువు 80. ఈ పదకొండు కిలోలూ నడిస్తే తగ్గాయా, గుంజీలు తీస్తే తగ్గాయా, అన్నం తగ్గిస్తే తగ్గాయా అని తెలిసినవాళ్లంతా అడుగుతుంటారు. మూడూ నిజమే. అయితే ఆ మూడూ నాకు పదిహేనేళ్ల నుంచీ తెలుసు. తెలిసీ చేయలేదు. పొద్దున్నే ఒక మనిషి నా పేరు పక్కన ఖాళీ చూసి అడుగుతాడని తెలిశాకే చేశాను.

బారులు తీరిన నడుములు

కృష్ణా డెల్టాలో ఒళ్లు వంచడం ఏనాడూ ఒంటరి పని కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కాలువలకు నీళ్లెక్కి, మెట్ట చేలు మాగాణులయ్యాక ఇక్కడి శ్రమంతా గుంపు శ్రమే. నాట్లకు ఆడవాళ్లు బారు తీరి దిగేవాళ్లు. బారులో ఒకరు వెనకబడితే పక్కవాళ్లు నాలుగు కుదుళ్లు ఎక్కువ వేసి ఆమెను కలుపుకునేవాళ్లు. కోతలూ అంతే, కుప్పలు వేయడమూ నూర్పిళ్లూ అంతే. దివిసీమలో మా అమ్మమ్మ పళ్లెం నిండా రాశిపోసినట్టు అన్నం తినేది. ఆమెకు ఎనభై ఏళ్లకూ పొట్ట లేదు. తిన్నది సాయంత్రానికల్లా బురదలో కలిసిపోయేది.

ఇప్పుడు ట్రాక్టరు దమ్ము చేస్తుంది, కోత యంత్రం గంటల్లో చేను ఊడ్చేస్తుంది, పొలానికి వెళ్లేదీ బైకు మీదే. ఇందులో బాధపడాల్సింది లేదు. వంగిన నడుములకు దక్కాల్సిన విశ్రాంతి అది. మారనిది పళ్లెం. మారకపోగా ఇంకా తెల్లబడింది. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే సన్నబియ్యం, దక్షిణాది వంటిళ్లన్నిటినీ గెలిచింది. సన్నగా, తెల్లగా, మెత్తగా గొంతు దిగిపోయే అన్నం. చేను దున్నినవాడికి పెట్టాల్సినంత అన్నాన్ని కుర్చీలో కూర్చున్నవాడికి పెట్టడం మొదలైంది మన ఇళ్లలోనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళలు నూటికి 36 మంది, పురుషులు నూటికి 31 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద మహిళలు నూటికి 24 మంది, పురుషులు 23 మంది. ఆ సర్వే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 25ను గీతగా పెట్టుకుంది. మనలాంటి ఆసియావాళ్లు 23 దాటగానే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. ఎందుకో తెలియాలంటే పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ కథ వినాలి. ఆయనా, లండన్‌లో పరిశోధకుడైన మిత్రుడు యుడ్కిన్‌ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. మన ఊళ్లో కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులను చూస్తే ఆ ఫొటో గుర్తొస్తుంది.

మాస్టారు తూకం కన్నా టేపును ఎక్కువ నమ్మడానికి కారణం ఇదే. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నెలకోసారి, మొదటి ఆదివారం, ఊపిరి మామూలుగా వదిలి నిలబడమంటారు. పొట్ట లోపలికి బిగబట్టామో, "వదలండి, ఇక్కడ పెళ్లిచూపులు కావు" అంటారు. మూడో నెలా నాలుగో నెలా నా బరువు వంద గ్రాములు కూడా కదల్లేదు. నడుము మాత్రం రెండు సెంటీమీటర్లు తగ్గింది. టేపు లేకపోతే ఆ రెండు నెలల్లో నేను మానేసి ఉండేవాణ్ణి.

పొదుపు సంఘం లెక్క

కంకిపాడు దాటాక కాలువ గట్టున ఒక ఊరుంది. సాయంత్రం అయిదు గంటలకు అక్కడ పదకొండు మంది ఆడవాళ్లు గట్టు మీద వడివడిగా నడుస్తుంటారు. చీరల మీద కొడుకుల పాత చొక్కాలు, కాళ్లకు స్పోర్ట్స్ షూస్. వాళ్లంతా ఒకే డ్వాక్రా సంఘం. పద్దెనిమిదేళ్లుగా కలిసి పొదుపు కడుతున్నారు, కలిసి అప్పు తీరుస్తున్నారు. సంఘం లీడరుకు షుగరు బయటపడింది. డాక్టరమ్మ రోజూ నడవమంటే ఆవిడ వారంపాటు ఒక్కతే నడిచి, గట్టు మీద మగవాళ్ల చూపులు భరించలేక మానేసింది. తర్వాత నెల మీటింగులో అప్పుల పుస్తకం మూశాక అడిగింది, "నాతో ఎవరొస్తారే?" అని.

వాళ్ల పద్ధతి చూస్తే ముచ్చటేసింది. వారాల పొదుపు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో నడక హాజరు. చెప్పకుండా మానేస్తే పది రూపాయలు తప్పు. తప్పు డబ్బులతో శనగలు కొని నానబెట్టి గట్టు మీదకు తెచ్చుకుంటారు. నెలకోసారి ధాన్యం తూచే కాటా మీద ఎక్కుతారు. ఒకావిడ ఎక్కబోతుంటే ఇంకొకావిడ, "ఏంటి వదినా, నిన్నా మొన్నా గట్టు మీద కనపళ్లేదు, కాటా ఎక్కడానికి మాత్రం వచ్చావ్" అంది. ఆ వదినగారు తలొంచుకుని నవ్వి, మనవడికి జ్వరమని చెప్పింది. "ఇంట్లో ఉంటే మాకు కబురు పెట్టొద్దూ? నేనొచ్చి కూర్చునేదాన్నిగా" అంది మొదటావిడ.

ఏ జిమ్ములోనూ దొరకనిది ఆ చివరి మాట. 1990లలో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రాష్ట్రమంతటా డ్వాక్రా సంఘాలు అల్లుకున్నప్పుడు రోజుకు రూపాయి దాచడం ఏ ఒక్క మనిషికీ కష్టం కాదు. రోజూ దాచడమే కష్టం. ఆ కష్టాన్ని పది మంది పంచుకున్నారు. అరగంట నడవడమూ అంతే. నెలకు రెండున్నర గంటలు నడవమని కాదు డాక్టర్లు చెప్పేది, వారానికి రెండున్నర గంటలు. వారం వారం, ఏళ్ల తరబడి. అది వ్యాయామం కన్నా వాయిదా కట్టడానికి దగ్గర. వాయిదాలు కట్టడం మన ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

పరిశోధనలూ ఈ మాటే చెబుతున్నాయి. 1999లో అమెరికాలో రీనా వింగ్, రాబర్ట్ జెఫరీ బరువు తగ్గే తరగతులకు కొందరిని ఒంటరిగా, కొందరిని ముగ్గురు స్నేహితులతో కలిపి చేర్చుకున్నారు. ఒంటరిగా వచ్చి మామూలు తరగతులు విన్నవాళ్లలో నూటికి 76 మంది చివరిదాకా ఉన్నారు. స్నేహితులతో వచ్చి, ఒకరికొకరు ఎలా తోడుండాలో కూడా నేర్చుకున్నవాళ్లలో 95 మంది ఉన్నారు. అసలు తేడా తరగతులు ముగిశాక బయటపడింది. మరో ఆరు నెలలకు తూచి చూస్తే, తగ్గిన బరువును పూర్తిగా నిలబెట్టుకున్నవాళ్లు ఒంటరివాళ్లలో 24 శాతం, జట్టుగా వచ్చినవాళ్లలో 66 శాతం. బరువు తగ్గించుకోవడం కన్నా నిలబెట్టుకోవడం కష్టమని ఒకసారి తగ్గి మళ్లీ పెరిగిన ప్రతి మనిషికీ తెలుసు.

మనకు దగ్గర్లో చెన్నైలో చేసిన డీ-క్లిప్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. మధుమేహం అంచున ఉన్నవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి తిండి, నడక నేర్పి, అవసరమైనవాళ్లకు మాత్ర కూడా ఇస్తే, మామూలు సలహాలిచ్చి పంపినవాళ్లతో పోల్చినప్పుడు మధుమేహం ముప్పు 32 శాతం తగ్గింది. తరగతులు నడిపినవాళ్లలో పెద్ద డాక్టర్లు కాక, శిక్షణ పొందిన మామూలు మనుషులూ ఉన్నారు. మాస్టారికి ఈ అధ్యయనం గురించి చెప్పినప్పుడు, "అక్కడా హాజరు వేసుంటారు" అన్నారు.

గుంపు పెంచగలదు కూడా

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. విజయవాడలో నడక గుంపులకు కొదవ లేదు. ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం, రాఘవయ్య పార్కు, రాజీవ్‌గాంధీ పార్కు, ప్రకాశం బ్యారేజీ, ఎక్కడ చూసినా తెల్లారేసరికి జనమే. చాలా గుంపుల్లో నడక టిఫిను దగ్గర ముగుస్తుంది. ఇడ్లీ మీద వెన్న వేసి పెట్టే బాబాయి హోటల్ ఉన్న ఊరు ఇది. నడిచినవాళ్లకు ఆకలేయడం తప్పు కాదు. లెక్క మాత్రం వేసుకోవాలి. 80 కిలోల మనిషి ముప్పావుగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. రెండు గారెలు, చట్నీ, పంచదార వేసిన కాఫీ తీసుకుంటే అంతా తిరిగొచ్చేసినట్టే. ఆటోనగర్ అన్నదమ్ముల్లో పెద్దాయన వేరే గుంపులో నాలుగేళ్లు నడిచి అర కిలో కూడా తగ్గలేదు. ఆ గుంపులో రోజుకొకరి వంతున టిఫిను పెట్టించేవారు.

స్నేహం బరువును రెండు వైపులా లాగుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 12,067 మందిని 32 ఏళ్లు గమనించిన లెక్కలను క్రిస్టాకిస్, ఫౌలర్ 2007లో వెల్లడించారు. ఒక మనిషికి ఊబకాయం వస్తే అతని స్నేహితుడికీ వచ్చే అవకాశం 57 శాతం పెరిగింది. అందుకే మాస్టారు గేటు దగ్గర టీ బండి ఆగనివ్వరు. నడక అయ్యాక ఎవరి ఇంటికి వాళ్లు. ఆదివారం మాత్రం అందరూ ఇంటి నుంచి ఒక్కో గిన్నె తెచ్చి గచ్చు మీద కూర్చుంటారు. మొలకలు, ఉడికించిన గుడ్లు, పెసరట్టు. పెసరట్టులో ఉప్మా ఉండకూడదన్న నియమం మీద మొదట్లో పెద్ద గొడవైంది. నేనూ ఎదురు తిరిగినవాణ్ణే. ఇప్పుడు అల్లం పచ్చడి రెండు రకాలు తెచ్చి ఆ లోటు తీర్చుకుంటున్నాం.

అన్నం సంగతికొస్తే, మాలో ఎవరూ పూర్తిగా మానలేదు. ఏడెనిమిదేళ్ల కిందట వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహారం ఈ ఊరిని ఊపేసిన రోజులు గుర్తున్నాయి. అన్నం మానేసి, కొబ్బరినూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు. సభలకు వేలమంది వెళ్లారు, ఒకరి వల్ల ఒకరు మొదలుపెట్టారు. వైద్యులు చాలామంది అభ్యంతరం చెప్పారు. షుగరు మాత్రలు, మూత్రపిండాల జబ్బులు ఉన్నవాళ్లు డాక్టరు అండ లేకుండా అంత మార్పు చేసుకుంటే ప్రమాదమన్నారు. మా గుంపులో నలుగురు అప్పట్లో చేసినవాళ్లే. నలుగురూ బాగా తగ్గారు, నలుగురూ మళ్లీ పెరిగారు. వాళ్లు చెప్పే కారణం ఒక్కటే. ఇంట్లో అందరూ అన్నం తింటుంటే ఒక్కళ్లం ఎన్నాళ్లు ఉంటాం? కంచం చుట్టూ గుంపు లేకపోతే ఏ నియమమూ నిలవదని నాకు అప్పుడే అర్థమైంది. అత్తాకోడళ్లు కలిసి చేరడం వల్ల ఆ ఇంట్లో రాత్రి అన్నం సగమై, కూర రెట్టింపైంది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు అదే సాంబ మసూరికి తెగుళ్లను తట్టుకునే గుణం చేర్చి 2008లో విడుదల చేసిన మెరుగైన రకం వాళ్లింట్లో వండుతున్నారు. దాని గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. అయినా అన్నం అన్నమే, కొలిచి వడ్డించుకోవాల్సిందే.

ఈమధ్య అందరూ అడిగేది బరువు తగ్గించే సూదుల గురించి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవి జూన్‌లో మన దేశానికి వచ్చాయి. రైల్వే ఆయనకు డాక్టరు రాశారు, వాడుతున్నారు, తగ్గుతున్నారు. తగ్గే కొవ్వుతోపాటు కండ పోకుండా చూసుకోవాలని డాక్టరే చెప్పి నడక, బరువులు మానొద్దన్నారు. ఆయన ఇంకా ఠంచనుగా వస్తారు. సూది ఆకలిని తగ్గిస్తుంది, మిగతాది ఇక్కడ దొరుకుతుందంటారు.

మైదానంలో చేసేది చెబితే చాలా మామూలుగా ఉంటుంది. పది నిమిషాలు కీళ్లు వదులు చేయడం. అరగంట నడక, మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి, పాట పాడేంత మిగలకూడదు. తర్వాత గుంజీలు, గోడకు చేతులానించి తోసే దండీలు, నీళ్ల సీసాలతో భుజాల వ్యాయామం. బడిలో శిక్షగా తీయించిన గుంజీలను ఇప్పుడు వైద్యంగా తీయిస్తున్నానని మాస్టారు ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎవరు ఎన్ని తీశారో పైకి లెక్కపెట్టనివ్వరు. పోటీ పెడితే మోకాళ్లు పోతాయని ఆయన నమ్మకం. అన్నదమ్ముల్లో చిన్నవాడు మాట వినకుండా మొదటి వారమే పరుగెత్తి నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు. మేలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఊరిది, అప్పుడు నాలుగున్నరకే మొదలుపెడతాం. పౌర్ణమి రోజు కొందరు ఇంద్రకీలాద్రి గిరిప్రదక్షిణకు వెళ్తారు. కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్ మీదుగా కొండ చుట్టూ తిరిగొస్తారు. మాస్టారు ఆ రోజు హాజరులో "అమ్మవారి దగ్గర" అని రాసి టిక్కు పెడతారు.

నీళ్లు తగ్గాక

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద సింగ్‌నగర్ మీద పడింది. తెల్లారేసరికి మా వీధుల్లో నడుము లోతు, ఇంకా లోపలికి పీకల లోతు. ఇళ్లూ వీధులూ మైదానమూ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మేడల మీద నుంచి తాళ్లు వదిలి పాల ప్యాకెట్లు అందుకున్నాం. చీరల షాపు ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ తేలి తలుపుకు అడ్డం పడితే, ఆటోనగర్ అన్నదమ్ములు ఈదుకుంటూ వెళ్లి తలుపు పగలగొట్టి ఆమెనూ, మంచం దిగలేని వాళ్ల అమ్మనూ భుజాల మీద మోసుకొచ్చారు. అప్పటికి ఏడాదిగా పక్కపక్కన గుంజీలు తీసిన మనుషులు వాళ్లు. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరింట్లో ముసలివాళ్లున్నారో ఒకరికొకరికి తెలుసు.

నీళ్లు తగ్గాక బురద. బురద తీశాక వాసన. పాడైన పరుపులు, బియ్యం బస్తాలు వీధుల్లో గుట్టలు. నడక ఎవరికీ గుర్తులేదు. నాకు రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాయి. పొట్లాల పులిహోర తిన్నాను, నిద్రపోలేదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. అందరిదీ ఇంచుమించు అదే స్థితి.

నవంబరు మొదటివారంలో ఫోను మోగింది. మాస్టారు. ఏం అడుగుతారో తెలిసి సిగ్గేసింది. ఆయన అది అడగలేదు. "ఇల్లు సర్దుకున్నారా?" అన్నారు. ఇంకా లేదన్నాను. "రేపు గేటు దగ్గరుంటాను. ఊరికే రండి" అన్నారు. ఇరవై మూడు మందికీ అలాగే చేశారట.

మర్నాడు వెళ్లింది అయిదుగురం. ట్రాక్ మీద ఎండిన ఒండ్రు పెంకులు పెంకులుగా లేచి ఉంది. పాత నోటుబుక్కు వరదలో తడిసి ఉబ్బి, రాతలన్నీ నీలంగా కలిసిపోయాయి. ఏడాదిన్నర హాజరు, కారణాలు, కొలతలు, ఏవీ చదవడానికి లేవు. మాస్టారు దాన్ని పారేయలేదు, బండి డిక్కీలో పెట్టుకున్నారు. కొత్త పుస్తకం తీసి మొదటి పేజీలో మా అయిదు పేర్లు రాశారు. టేపు మెడలోనే ఉంది, ఎవరికీ చుట్టలేదు. ఒక రౌండు నెమ్మదిగా నడిచి, గచ్చు మీద కూర్చుని, ఎవరింట్లో ఎంత పోయిందో చెప్పుకుని వచ్చేశాం.

సంక్రాంతికి పందొమ్మిది మందిమయ్యాం. భోగి మంట దగ్గర ఆలస్యమై మర్నాడు నేను మైదానానికి వెళ్లలేదు. కనుమ రోజు గేటు దగ్గర నన్ను చూసి మాస్టారు పెన్ను ఎత్తి పట్టుకుని తలెత్తారు.